రెండు సద్దుల నడుమ

మీరే చేసిన్రు. ఇంకెవల పేరో నేను ఎతుక్కోను. ఆయనకు స్టేజీ మీద శాలువలు కప్పిన పెద్దమనుషులు, ఆయన బొమ్మ పక్కన మీ బొమ్మ ఏసుకొని ఫ్లెక్సీలు కట్టిన యూత్ సంఘాలు, "శ్యామన్న తాన ఉంటే పిల్ల పైకొస్తది" అని తల్లిదండ్రులకు నచ్చజెప్పినోల్లు, ఒక ఆడపిల్ల చెప్పిన నాలుగు మాటలను ఫోన్ల పెట్టి కోడిని కోసినట్టు కోసి అబద్ధమని ముద్దరేసినోల్లు. మీరే. మా ఇంటాయన గూడ మీలనే ఉండె, అందుకే మీ సంగతి నాకు ఇంత బాగ తెలుసు.

పోయిన బతుకమ్మ పండుగప్పటి ముచ్చట ఇది. గణపతులను నీళ్లల్ల ఏసి ఇంకా వారం కాలే. మా సిరిసిల్లల సాంచాలు, అంటే మరమగ్గాలు, పొద్దంత టకటకమంటనే ఉన్నయి. మా ఆయన సాంబయ్య పగటీలి బువ్వకు వచ్చి, చెప్పులు గూడ ఇడువకుంట గడపలనే నిలవడ్డడు.

"ఏమే జమునా, నీ బిడ్డ అదృష్టం పండిందే."

"ఏమైంది, లెక్కల్ల పాసైందా?"

"గా లెక్కలు ఎవనికి గావాలె. శ్యామన్న నవీనను అడిగిండు. బాలబృందంల తీసుకుంటడట. దసర తెల్లారి కాంపు. ఇగ ఆయనెంబడే ప్రోగ్రాములు, సదువు గూడ ఆయనే సూస్కుంటడట."

లోపల తింటున్న నవీన పల్లెం పక్కకు నూకి లేచింది. పన్నెండేండ్ల పిల్ల. ఎంగిలి చెయ్యితోనే బాపు మెడ పట్టుకొని ఊగింది. అబద్ధమెందుకు, నాకు గూడ సంబురమే అయింది.

శ్యామన్న, పాటగాడు శ్యాంసుందర్ అంటే ఎవలో ఎరుగనోల్లు ఈ దిక్కు లేరు. మంథని కాడికెల్లి జైనూర్ దాంక ఏ ఊర్ల బతుకమ్మ ఆడినా మైకుల ఆయన గొంతే. రైతు మీద పాడిండు, గల్ఫుకు పోయినోల్ల మీద పాడిండు, సాంచాల మీద పాడిండు. మా కూలీ రేటు సమ్మెకు వచ్చి, ఒక్క పైస ముట్టకుంట పాడిపోయిండు. ఆ పాట ఇని నేనే ఏడ్సిన. మా ఆయన పగలు సాంచ నడుపుతడు, ప్రోగ్రాములుంటే ఆయనెన్క ఢోలక్ కొడ్తడు. పదిహేనేండ్ల సంది కొడ్తనే ఉన్నడు. ఇంట్ల దేవుని పటాల పక్కన శ్యామన్న ఫోటో ఉంటది, నేను ఒకపాలి తీసేస్తే మల్ల పెట్టిండు.

మా ఆయన పనిచేసే కార్ఖానలనే నేను నూలు కండెలు చుట్టే మిషన్ల కాడ పనిచేస్త. ఆడ అందరం ఆడోల్లమే. నా బడి ఏడో తరగతి కాడనే ఆగింది, మిగిలిన సదువంత యూనియన్ కరపత్రాలల్ల నేర్సుకున్నదే. ఒకనాడు శంకరవ్వ నా చేతుల ఫోన్ పెట్టింది. పెద్దమనిషి, నాకంటె ఎన్నో ఏండ్ల ముందుకెల్లి కండెలు చుడ్తున్నది.

"మా మనుమడు పంపిండు. శ్యామన్న మీద ఏందో రాసిన్రట. నా కండ్లకు ఆనది గని, జర పెద్దగ సదువే. కరపత్రం సదివిన నోరు నీది."

'వినుర్రి' అని ఒక పేజీ అది. మంథని మమతారాణి అనే ఆమె నడుపుతది. పేపర్ల పనిచేసి, ఇసొంటియి రాయనియ్యకపోతే మానేసి, సొంతంగ రాసుకుంటున్నది. శ్యాంసుందర్ మీద వచ్చిన మాటలన్ని అండ్ల జమ చేసింది. ఎవలేం చెప్పిన్రు, అండ్ల ఏది తేలింది, ఏది తేలలే, దానికి ఆయనేమన్నడు. ఆయన "నన్ను బద్నాం చేస్తున్నరు" అన్నది గూడ ఉన్నది. ముగ్గురు ఆడపిల్లలు చెప్పిన్రు. ఇద్దరియి పాతయి. మూడోది కొత్తది. పేరు లేదు, ఊరు లేదు. ఇప్పుడు డిగ్రీ సదువుతున్న పిల్ల, అప్పుడు చిన్నది. ఏ ఏడు జరిగిందో మాత్రం ఉన్నది.

మిషన్ల సప్పుడుల వినవడాలెనని నేను పెద్దగ సదివిన.

"మా ఊళ్లె సద్దుల బతుకమ్మ నాడు ఆయన ప్రోగ్రాం. మేము స్టేజీ మీద కోలాటం ఆడినం. ఆట అయినంక అందరిని పంపిచ్చి, నీ పాట సరిజేస్త, నువ్వు ఆగు అన్నడు. నేను ఆగిన. ఆయన ఆగుమంటే మా బాపు గూడ ఆగుమన్నడు. తర్వాత జరిగింది నేను పోలీసులకు చెప్త. దసర అయినంక పోత. ఇక్కడ చెప్ప."

ఫోన్ కిందికి దించిన. మిషన్లు నడుస్తనే ఉన్నయి.

"ఆపినవేందే?" అన్నది శంకరవ్వ.

"గంతే ఉన్నది."

ఆమె కండె తీసి డబ్బల ఏసుకుంట, "ఎవలోల్ల పిల్లనట? ఏ ఊరట?" అన్నది. ఆయినేం చేసిండో అడగలే. పక్క మిషన్ల ఆమె గూడ అదే అడిగింది. ఆ ఇద్దరు చెడ్డోల్లేం గాదు. మనకు మొదాలు నోట్లెకు వచ్చే మాటనే అది.

ఇంటికొచ్చి సాంబయ్య ముందట ఫోన్ పెట్టిన.

"సదివిన," అన్నడు. "గ్రూపులల్ల పొద్దటి సంది గదే తిరుగుతుంది."

"మరి?"

"మరేందే. పేరు లేదు, ఊరు లేదు. ఎవడు రాస్తే అది నిజమా? ఆయన ఎదుగుడు సూసి ఓర్వనోల్లు ఎంత మంది లేరు?"

"పేరు వెడితే బతుకనిస్తరా మీరు?"

"మీరు అంటవేందే? నేనేం జేసిన?" మల్ల ఫోన్ అందుకొని ఆ ముక్క ఇంకోపాలి సదివిండు. మొఖంల ఎలుగొచ్చింది. "ఆగాగు. సద్దుల నాడు అన్నది గదా? ఆ ఏడు సద్దుల నాడు మేం భైంసల ఉన్నం. పెద్ద స్టేజి. లైవ్ వచ్చింది. నేను ఆయనకు ఎడమ పక్క ఉన్న. పొద్దుగూకంగ ఎక్కినోడు అర్ధరాత్రి దాంక దిగలే. ఏడికి పోయిండే, గాలిల ఎగిరిపోయిండా?"

సాంబయ్య అబద్ధమాడే మనిషి గాదు. బట్టల తప్పు పడి సేటు వచ్చి ఎవల చెయ్యి ఇది అని అడిగితే, పది మంది తలలు దించుకున్నప్పుడు నాదే అని చెయ్యెత్తిన మనిషి. ఆయన భైంసల ఉన్న అంటే ఉన్నట్టే. ఆ లైవ్ నేను గూడ సూసిన, మా ఆయన నెత్తి కనవడ్తదని.

అయినా ఆ పిల్ల మాటలు ఇంకోపాలి సదివిన.

రెండొద్దులకు భానుప్రసాద్ వచ్చిండు, కరీంనగర్ పిలగాడు. 'శ్యామన్న సైన్యం' అని పేజీ నడుపుతడు. కార్లకెల్లి లైట్లు, మైకు దించి మా అరుగు మీద పెట్టిండు. సాంబయ్య ఇస్త్రీ అంగి ఏసుకున్నడు.

"వదినె, జర చాయ్ పోస్తవా?" అన్నడు భానుప్రసాద్.

"నీ వీడియోల నేను గూడ మాట్లాడ్త, పెడ్తవా?"

"నీకేం తెలుసు వదినె?"

"ఏం తెల్వదనే చెప్త."

నవ్విండు. "గది ఎవలు సూస్తరు వదినె? అన్న చెప్పేది చాలు మనకు."

చాయ్ పొయ్యలే. సాంబయ్య మైకు ముందట కూసోని ఉన్నదున్నట్టే చెప్పిండు. సద్దుల నాడు మేం భైంసల ఉన్నం, నేను పక్కనే ఉన్న, ఆయన స్టేజి దిగలే. గంతే చెప్పిండు. ఆ పిల్లను ఒక్క మాట అనలే. మిగిలిందంత భానుప్రసాదే జేసిండు. ఆ ఏడు క్యాలెండర్ బొమ్మ పెట్టి, సద్దుల తారీకు మీద ఎర్రగ సున్న చుట్టి, పక్కన భైంస లైవ్, దాని పక్కన మా ఆయన మొఖం. పైన పెద్ద అక్షరాలల్ల 'అబద్ధం బట్టబయలు'. తెల్లారేసరికి అది పాకని ఫోన్ లేదు. కింద కామెంట్లు నేను మల్ల రాయ. వాల్ల ఇంట్ల ఆడపిల్లలు ఉన్నరా అని సూస్తే, ఉన్నరు. ఫోటోలల్ల బిడ్డలను సంకనెత్తుకొనే రాసిన్రు.

కార్ఖానల శంకరవ్వ నా దిక్కు సూసి, "ఏమాయెనే? మీ ఆయినే సాచ్చమాయె గదా?" అన్నది. నేను కండెలు చుట్టుకున్న.

నాలుగొద్దులు పోయినంక 'వినుర్రి' పేజీల రెండే లైన్లు వచ్చినయి. "ఆమె ఇప్పుడు పోలీసుల దగ్గరికి పోవడం లేదు. ఇంట్లో వాళ్లు వద్దన్నరు. దయచేసి ఆమెను వెతకకండి."

అది సాంబయ్యకు సదివి ఇనిపిచ్చిన. "అబద్ధం జెప్తే గట్లనే ఉంటది మరి," అన్నడు గని, అన్నంత సేపు గోడ దిక్కు సూసిండు.

"నవీనను నేను పంప," అన్న.

"కారణం?"

"నాకు మనసొప్పుతలే."

"గది కారణమా? నా కండ్లతోని సూసినది నమ్మవు, పేరు లేని దాని మాట నమ్ముతవు. ఇన్నేండ్లు ఎవల పక్కన కూసున్ననో నాకు తెల్వదా?"

"నీ కండ్లు అబద్ధమని నేనంటలే."

"మరేమంటున్నవే?"

"పంప. గంతే."

"పంపిస్త. సూడు," అన్నడు. పెండ్లయిన సంది మేం తిట్టుకున్నం గని, ఒకల దిక్కు ఒకలు సూడకుంట ఉండుడు గదే మొదటిపాలి. బయట అరుగు మీద నవీన శ్యామన్న పాటనే సాధన చేస్తున్నది. పై గొంతు అందక మల్ల మల్ల అక్కడికే వచ్చి ఆగుతున్నది. మా లొల్లి దేనికో దానికి తెల్వదు.

గట్లనే బతుకమ్మ మొదలైంది, గట్లనే మా అవ్వగారింటికి పోయినం.

ఇక్కడొకటి చెప్పాలె. మా అవ్వగారు వేములవాడ దిక్కు. సద్దులంటే లోకమంత తొమ్మిదో నాడు ఆడ్తది. ఆఖరి నాడు, పెద్ద బతుకమ్మ, సత్తుపిండ్లు, పులిహోర, నీళ్లల్ల ఇడుసుడు. మా దిక్కు ఊర్లల్ల మాత్రం ఏడో నాడే సద్దులు. పెండ్లయిన ఆడోల్లు ఏడో నాడు అవ్వగారింట్ల ఆడి, తొమ్మిదో నాటికి అత్తగారూరు చేరి ఆడ మల్ల ఆడ్తరు. పెండ్లయిన సంది నేను ఏటా రెండు సద్దులు ఆడ్తున్న. రోజు నడిచే తొవ్వల రాయి కనవడ్తదా? నాకు గంత మాత్రం తట్టలే.

ఆ పొద్దు మా అవ్వ కొమురవ్వ రోట్ల నువ్వులు దంచుతున్నది. నేను, నవీన తాంబాలంల గునుగుపువ్వు పేరుస్తున్నం. సాంబయ్య మంచం మీద కూసోని ఫోన్ల కామెంట్లు సూస్తుండు. పువ్వు గంప ఆయన పక్కనే ఉన్నది.

"ఏందల్లుడూ," అన్నది మా అవ్వ రోకలి ఆపకుంటనే, "సద్దుల నాడు గూడ ఆ ఫోన్లనే ఉంటవా? జర ఆ తంగేడుపువ్వు అందియ్యరాదు?"

సాంబయ్య తలకాయ ఎత్తిండు. "ఏమన్నవత్తా?"

"పువ్వు అందియ్యుమన్న."

"అది గాదు. ఇయ్యాల సద్దులా?"

"ఇగో ఇనుండ్రి," అని మా అవ్వ రోకలి పక్కకు పెట్టి పక్కింటోల్లకు ఇనవడేటట్టు ఒర్రింది. "పిల్లనిచ్చి ఇన్నేండ్లాయె. ఏటేట వచ్చి సత్తుపిండి మూట గట్టుకపోతడు. ఇయ్యాల సద్దులా అని అడుగుతుండు! పొద్దటి సంది నేను దంచుతున్నది ఏంది మరి, సిమెంటా?"

అందరం నవ్వినం. నవీన పువ్వులు కింద పడేసుకుంట నవ్వింది. సాంబయ్య నవ్వలే.

"పక్కూర్లు గూడ గియ్యాలేనా, అత్తా?"

"ఈ వాగు పొంటి ఊర్లన్ని గియ్యాలనే. నీకేమైందయ్యా ఇయ్యాల? జరమొచ్చిందా?"

ఆయన గంపలకెల్లి తంగేడుపువ్వు తీసి అందిచ్చిండు. మా అవ్వ తీసుకున్నది. ఇంకో కట్ట తీసిండు, అది చేతులనే పట్టుకొని కూసున్నడు. నేను ఆయన దిక్కు సూసిన. ఆయన నా దిక్కు సూసిండు. నా చేతుల గునుగుపువ్వు ఆడికాడికే ఆగింది. "పువ్వు, పువ్వు," అని మా అవ్వ చెయ్యి సాపుతనే ఉన్నది.

సాయంత్రం వాగు కాడ మైకుల శ్యాంసుందర్ పాటనే పెట్టిన్రు. ఆడోల్లు తిరుగుతుంటె నేను గూడ తిరిగిన, చప్పట్లు కొట్టిన. ఊరి పిలగాండ్లు ఢోలక్ తెచ్చి, "సాంబన్నా, నాలుగు దెబ్బలెయ్యే" అన్నరు. "చెయ్యి నొస్తుందిరా," అని గట్టు మీద కూసున్నడు.

తెల్లారి బస్సుల నవీన ముందు సీట్ల కిటికి కాడ కూసున్నది. మేం ఎన్కకున్నం. బస్సు ఊరు దాటినంక సాంబయ్య సన్నగ మొదలువెట్టిండు, నా దిక్కు సూడకుంట.

"ఆ ఏడు భైంస కంటె ముందుగాల ఇటు దిక్కు ఒక ప్రోగ్రాం చేసినం. మీ ఊరికి కొంచెం దూరం. పండుగ మస్తు జోరుగుండె. బతుకమ్మలు ఇడిసిన్రు. నేననుకున్న, నడిమిట్ల ఒక నాడు గూడ ఎంత గనంగ ఆడ్తున్నరో అని."

"అది సద్దులే."

"ఔ." తలకాయ ఊపిండు. "ఆట అయిపోంగనే, మైకులు, ఢోలక్‌లు ఏసుకొని మీరు ముందుగాల భైంసకు పోండ్రి అన్నడు. భైంసకు ఇంకా టైమున్నది గదన్నా అన్న. పోరా, ముందుగాల పోతే స్టేజి మంచిగ సూస్కోవచ్చు అన్నడు. పోయినం. వానొస్తుండె. తొవ్వ పొడుగున డ్రైవర్‌ను తిట్టుకుంట పోయినం."

"ఆడ ఆగినోల్లు ఎవలు?"

కండక్టర్ వచ్చి టికెట్లు అడిగి పోయిండు.

"ఎవలు ఆగిన్రు?"

"ఆయన. ఆయన కారు డ్రైవర్." టికెట్లు అంగి జేబుల పెట్టుకున్నడు. "కోలాటం పిల్లలు."

ముందు సీట్ల నవీన కిటికిలకెల్లి చెయ్యి బయటకు వెట్టి గాలిని పట్టుకుంట పాడుతున్నది. సాంబయ్య ముందుకు ఒంగి, "చెయ్యి లోపలికి తియ్యి బిడ్డా," అన్నడు.

ఇంటికి రాంగనే భానుప్రసాద్‌కు ఫోన్ చేసిండు. నేనే స్పీకర్ పెట్టిచ్చిన.

"తమ్మీ, ఆ వీడియో తియ్యాలె."

"ఏమైందన్నా? ఎవడన్న బెదిరిచ్చిండా? పేరు చెప్పు, సంగతి నేను జూస్త."

"ఎవడు బెదిరియ్యలే. వేములవాడ దిక్కు సద్దులు ఏడో నాడు. ఆ ఏడు ఏడో నాడు ఆయన ఆ దిక్కే ఉన్నడు. నేను చెప్పింది తొమ్మిదో నాడు."

భానుప్రసాద్ గొంతు తగ్గిచ్చి, "అన్నా, నువ్వు అబద్ధమేం చెప్పలే గదా. తొమ్మిదో నాడు భైంసల ఉన్నవా లేదా?"

"ఉన్న."

"అయిపాయె. నువ్వు చెప్పింది నిజమే. తీసుడెందుకు?"

"నిజమే తమ్మీ, గని ఆ పిల్ల చెప్పిన రోజు అది గాదు."

"ఆమెది ఆ దిక్కు ఊరని నీకెట్ల తెలుసు? ఆమె చెప్పిందా? చెప్పమను. పేరు చెప్పమను, ఊరు చెప్పమను, అప్పుడు సూద్దాం. నిజమైతే దాసుకునుడు ఎందుకు?"

అప్పుడు సమజైంది నాకు, వాల్లకు కావాల్సింది తారీకు గాదు, ఆ పిల్ల ఇల్లు. నేను ఫోన్ గుంజుకున్న. ఏమన్ననో ఇక్కడ రాయ. యూనియన్ల ఉన్నోల్లకు నా నోరు తెలుసు. వీడియో మాత్రం తియ్యలే.

సాంబయ్యనే మమతారాణి నంబర్ అడిగి తీసుకున్నడు. సిరిసిల్ల సద్దుల నాడు, బయట వాడంత పువ్వులు పేరుస్తుంటె, ఆమె మంథని కెల్లి బస్సులు మారి వచ్చింది. నలభై ఏండ్ల మనిషి, బక్కగుంటది. చాయ్ పోసిన. మొఖం గూడ కడుక్కోకుంట అడుగుడు మొదలువెట్టింది.

"మీరు ఏమన్న చూసిన్రా అన్నా?"

"సూడలే."

"ఎవరన్న మీకు చెప్పిన్రా?"

"చెప్పలే."

"పిల్లలు ఆగిండ్రని ఎట్ల తెలుసు?"

"మా బండి కదిలినప్పుడు స్టేజి కాడ నిలవడి చేతులూపిన్రు."

ఆమె రాసుకున్నది. నాకు సహించలే. "గిదంత ఎందుకు అక్కా? దొంగనాకొడుకు అని రాయి, పీడ పోతది."

ఆమె నా దిక్కు చూసింది. కోపం లేదు. "చెల్లే, నాకు తెలిసినదానికంటె ఒక్క మాట ఎక్కువ రాసిన్ననుకో, వాల్లు మిగిలినదంత ఇడిసి ఆ ఒక్క మాటనే పట్టుకుంటరు. దెబ్బ నాకు తాకది, ఆ పిల్లకు తాకుతది. అన్న చూడలేదు, కాబట్టి చూడలేదనే రాస్త. ఏడో నాడు ఆయన అక్కడ ఉన్నడు, సామాను ముందు పంపిండు, పిల్లలు ఆగిన్రు. ఈ మూడే రాస్త."

నాకు ఇసొంటి నెమ్మదితనం ఎన్నడు పడదు. ఆ పొద్దు గూడ పడలే. గని ఆలోచిస్తే, భానుప్రసాద్ గూడ ఇట్లనే ఒక తారీకు, ఒక సాచ్చం, ఒక వీడియో పెట్టి చేసిండు. రెండు దిక్కుల చేసేది ఒక్క తీరే కనవడ్తది. తేడా ఎక్కడున్నదంటే, ఆమె తనకు తెల్వంది గూడ రాస్తది. ఆ పిలగాడు రాయడు.

"ఆ పిల్లది ఏ ఊరు అక్కా?" అని సాంబయ్య అడిగిండు. అడిగి, ఆయనే చెయ్యి ఊపిండు. "వద్దు. చెప్పకు."

రాసింది వచ్చింది. మా ఆయన పేరు, మొఖం దాసుకోలే. ఆ సాయంత్రమే బృందంకెల్లి ఫోన్, ఇగ రాకు అని. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టినవని ఒకడు, మీ ఆడదాని కొంగుల దూరినవని ఒకడు. సాంచ కాడ కొందరు మాట్లాడుడు బందువెట్టిన్రు. సాంబయ్య ఎవలకు తిరిగి చెప్పలే. శ్యామన్న ఫోటో మాత్రం ఆయినే తీసిండు. గోడకు మేకు ఉన్నది, ఆ మేకు గూడ గుంజేసిండు.

దసర తెల్లారి కాంపుకు పోయే పొద్దు నవీన పొద్దుగాల్నే లేచి తానం చేసి, బ్యాగు సదురుకొని కూసున్నది. అప్పటిదాంక ఎవలం చెప్పలే. నేనే చెప్పిన, పోతలేవు అని.

"నేను తప్పు పాడిన్నా?" అన్నది.

"లేదు బిడ్డా. మంచిగ పాడినవు."

"మరి వద్దన్నరా వాల్లు?"

"వాల్లు రమ్మన్నరు. మేమే వద్దన్నం."

"ఎందుకు?"

నేను సమ్మెల సేట్ల ముందట మాట్లాడిన, కలెక్టరాఫీసు ముందట మాట్లాడిన. బిడ్డ ముందట మాత్రం దాని బ్యాగులకెల్లి బట్టలు తీసుకుంట కూసున్న. సాంబయ్య వచ్చి దాని పక్కన కింద కూసున్నడు. "పెద్దోల్లు పిల్లలను ఆగుమన్నప్పుడు, మిగిలినోల్లందరిని ఎందుకు పంపుతుండని అడగాలె. మేం అడగలే బిడ్డా. అందుకే ఒక అక్కకు అన్యాయం జరిగింది," అన్నడు. దానికి ఎంత సమజైందో తెల్వదు. ఒక దినమంత మాతోని మాట్లాడలే. మూడో నాడు అరుగు మీద కూసోని, వేరే పాట ఎత్తుకున్నది.

కొన్ని దినాలకు మమతారాణి ఫోన్ చేసింది. ఆ పిల్ల మాకొక మాట చెప్పుమన్నదట. మమతారాణి సదివింది, మేమిద్దరం ఇన్నం.

"నేను ఇప్పుడు ఉండే కాడ అందరు సద్దులు తొమ్మిదో నాడే ఆడ్తరు. భైంస వీడియో చూసినంక నా మతి మీద నాకే అనుమానమొచ్చింది. నిజంగనే నేను కల గన్ననా అనుకున్న. మా అవ్వ గూడ అదే అడిగింది. మీరు ఏడో నాడు అని చెప్పినంక నా రోజు నాకు మల్ల దొరికింది. నేను పోత."

పోయింది. ఠాణాల ఫిర్యాదు ఇచ్చింది.

సాంబయ్య ఫోన్ నా చేతులకిచ్చి సాంచ కాడికి పోయిండు. ఆ పూట మా కార్ఖానల అన్ని సాంచాల సప్పుడుల ఆయనది ఒక్కటే ఆగి ఆగి నడిచింది.

ఇగ మీ సంగతి. భానుప్రసాదూ, వీడియో తీస్తే సరిపోదు. ఎంత పెద్ద అక్షరాలల్ల అబద్ధమన్నవో, గంతే పెద్ద అక్షరాలల్ల తప్పైందని పెట్టు. కామెంట్లు రాసినోల్లారా, మీవి మీరే తుడుసుకోండ్రి, మీ బిడ్డలు సదువు నేర్సేటంతల. ఠాణాల ఉన్న సారూ, ఫిర్యాదు నీ టేబుల్ మీద ఉన్నది, ఆయన పేరు పెద్దదని దాన్ని కింద పెట్టకు, ఆ పిల్ల పేరు నీ జవాన్ల నోట్లెకెల్లి బయటకు రానియ్యకు. కాంపులు పెట్టే సంఘాలోల్లారా, తల్లో తండ్రో ఎంబడి ఉండకుంట ఒక్క పిల్లను గూడ తీసుకపోకుర్రి. శంకరవ్వకు, నాకు, మనందరికి చెప్తున్న: ఎవలోల్ల పిల్ల అని అడుగుడు ఇయ్యాల్టికెల్లి బందు వెట్టాలె.

అడిగేది ఆయనను. ఎండకాలం మల్ల కాంపు పెడ్తున్నడట, పోస్టర్లు పడ్డయి. ఏ ఊర్ల స్టేజి ఎక్కినా, పాట ఎత్తకముందే కింద నిలవడి అడుగుండ్రి. ఆ ఏడో నాడు సామానోల్లను ముందుగాల ఎందుకు పంపినవు? కోలాటం పిల్లలను ఎందుకు ఆపినవు? ఈ రెండింటికి జవాబు చెప్పిందాంక ఆయన చేతికి ఎవ్వలు మైకు ఇయ్యకుర్రి.